పన్నెండు దాటని చేతులు

మా కారు స్టీరింగు నెత్తిన తెల్లటి ప్లాస్టరు ముక్క ఒకటి ఉండేది. ఎక్కినవాళ్లందరూ దానికేం దెబ్బ తగిలిందని అడిగేవారు. అది మా బాబాయి పని. ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషి.

నలభై రెండేళ్ల వయసులో లైసెన్సు తెచ్చుకుని, ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. బ్రాడీపేటలో ఎడమ మలుపు. తిప్పేసరికి నా చేతులు రెండూ పెనవేసుకుపోయాయి. ఎదురుగా స్కూటరు. చేతులు విప్పుకునే వ్యవధి లేదు, బ్రేకే కాపాడింది.

"అమ్మాయ్, స్టీరింగు తిప్పుతున్నావా, జడ అల్లుతున్నావా?" అన్నాడు బాబాయి.

ఆ సాయంత్రం అన్నం కంచం చేతికిచ్చి పాఠం మొదలుపెట్టాడు. కంచాన్ని గడియారం అనుకోమన్నాడు. ఎడమకు తిరగాలంటే ఎడమ చెయ్యి పన్నెండు దగ్గర పట్టుకుని కిందికి లాగాలి. అది దిగుతున్నంతసేపూ కుడి చెయ్యి తన వైపు అంచు మీద వదులుగా జారుతూ అదే ఎత్తులో దిగాలి. ఆరు దగ్గర పట్టు కుడి చేతికి మారుతుంది. అది పైకి నెడుతుంటే ఎడమ చెయ్యి జారుతూ పైకి పోతుంది. ఏ చెయ్యీ పన్నెండు దాటదు. ఎప్పుడూ ఒక చేతికి పట్టు ఉంటుంది కాబట్టి ఏ క్షణంలోనైనా వెనక్కి తిప్పవచ్చు. బ్రిటన్‌లో పోలీసు డ్రైవర్లకు దశాబ్దాలుగా నేర్పుతున్న పుల్-పుష్ పద్ధతి ఇదేనని తరువాత చదివాను. బాబాయికి ఆ పేరు తెలియదు. ప్లాస్టరు అంటించింది ఆ పన్నెండు దగ్గరే.

డ్రైవింగు స్కూల్లో నాకు అబ్బిన అలవాటు వేరు: అరచెయ్యి తిరగేసి, చక్రం లోపలి నుంచి వేళ్లు తగిలించి గుంజడం. టైరు గుంతలో పడి చక్రం ఒక్కసారి విదిలిస్తే మణికట్టు సంగతి అంతే. అది మానడానికే నెల పట్టింది.

ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట వినలేదు. ఆయన పట్టు పది-రెండు. పవర్ స్టీరింగు లేని బస్సుల్లో అంత పెద్ద చక్రాన్ని భుజబలంతో తిప్పినవాడికి అది సహజమే. నా కారు స్టీరింగులో ఎయిర్‌బ్యాగు ఉంది. 2019 జూలై నుంచి కొత్త కార్లన్నింటిలో డ్రైవరు వైపు అది తప్పనిసరి. రెప్పపాటు కన్నా ముందే విచ్చుకునే ఆ సంచికి చెయ్యి అడ్డుగా ఉంటే, ఆ చెయ్యే వచ్చి ముఖానికి కొట్టుకుంటుంది. అందుకే నాది తొమ్మిది-మూడు. "మీ సంచుల సంగతి నాకు తెలియదులే" అని ఊరుకున్నాడు.

విజయవాడ వన్‌టౌన్ సందుల్లో బండి వెనక్కి మళ్లించాల్సి వస్తే ఈ పద్ధతి మరీ నిదానం. అక్కడ చేతి మీద చెయ్యి వేసి చకచకా తిప్పేస్తాను, బాబాయి లేనప్పుడు. కొండవీడు ఘాట్ రోడ్డులో మాత్రం దీని విలువ తెలిసింది. మలుపుకు ముందే చెయ్యి పైకి చేరితే ఒక్క లాగుడుతో అర చుట్టు వచ్చేస్తుంది. మలుపు దాటాక చక్రాన్ని దాని మానాన వదిలేయకుండా, తిప్పిన దారినే చేతులతో వెనక్కి తెచ్చుకోవాలి.

మొన్నటి ఎండలకు ప్లాస్టరు ఊడిపోయింది. జిగురు అలాగే ఉంది. చెయ్యి పన్నెండు దాటితే ఇప్పటికీ వేళ్లకు అంటుకుంటుంది.