పాత బొగ్గు ఇంజిన్ ఇప్పుడెక్కడుంది? ఆచూకీ తీసే పనిలో నా అనుభవం

"ఫలానా నంబరు ఇంజిన్ ఇప్పుడెక్కడుంది?" అని అడిగేవాళ్ల దగ్గర సాధారణంగా ఒక పాత ఫొటో, అందులో ఇంజిన్ మీద పెయింటుతో రాసిన నంబరు ఉంటాయి. నేను కూడా అక్కడి నుంచే మొదలుపెడతాను, కానీ ఆ నంబరును నమ్మి మాత్రం కాదు. ఊరు తర్వాత వెతుక్కోవచ్చు. మనం వెతుకుతున్నది కచ్చితంగా ఏ ఇంజినో ముందు తేలాలి. అది తేలకుండా ఊళ్లు తిరిగితే ఏదో ఒక ఇంజిన్ దొరుకుతుంది, మనం వెతికేది అదేనని మనకు మనమే సర్దిచెప్పుకుంటాం.

ప్రతి ఇంజిన్‌కూ మూడు గుర్తింపులుంటాయి: దాని తరగతి (అంటే ఏ డిజైన్ రకం), రైల్వే ఇచ్చిన నంబరు, తయారుచేసిన కంపెనీ వేసిన వర్క్స్ నంబరు. రైల్వే నంబరు మారుతుంది. 1957-58లో దేశమంతటికీ ఒకే నంబర్ల పద్ధతి తెచ్చినప్పుడు పాత నంబర్లు పోయి కొత్తవి వచ్చాయి. అంతకుముందు తీసిన ఫొటోలోని నంబరుతో ఇప్పటి జాబితాలు వెతికితే ఏమీ దొరక్కపోవచ్చు, లేదా అదే నంబరున్న ఇంకో ఇంజిన్ దొరకొచ్చు. రెండోదే ఎక్కువ ప్రమాదం. డార్జిలింగ్ హిమాలయన్ రైల్వే బి తరగతిలో 19వ నంబరు ఇంజిన్ తర్వాత 778 అయింది. 1960లలో అది అమెరికా వెళ్లి, ఇండియానా రాష్ట్రంలోని హెస్టన్ స్టీమ్ మ్యూజియంలో చాలా ఏళ్లు పనిలేకుండా ఉండిపోయింది. 2000ల మొదట్లో ఇంగ్లండ్ చేరి మళ్లీ నడిచింది. ఇప్పటికీ దాన్ని కొందరు 19 అంటారు, కొందరు 778 అంటారు. రెండు ఇంజిన్లు విదేశం వెళ్లాయనుకుని లెక్క తప్పేది ఇలాంటి చోటే. ఇన్ని మార్పుల్లోనూ మారనిది ఒక్కటే: షార్ప్ స్టీవర్ట్ వర్క్స్ నంబరు 3518, 1889. నా నోట్సులో ప్రతి ఇంజిన్‌నూ మొదట వర్క్స్ నంబరుతోనే రాసుకుంటాను, మిగతా నంబర్లన్నీ దాని పక్కన తేదీలతో పెడతాను.

తరగతి కనిపెట్టడం అంత కష్టం కాదు. తరగతి పేరులో మొదటి అక్షరం గేజి, అంటే పట్టాల మధ్య దూరం, చెబుతుంది: డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజి, వై అంటే మీటరు గేజి, జెడ్ అంటే రెండున్నర అడుగుల నేరో గేజి. రెండో అక్షరం పని చెబుతుంది: పి అంటే ప్యాసింజరు, జి అంటే గూడ్సు. స్వాతంత్ర్యానికి ముందు బ్రాడ్ గేజికి ఎక్స్ వాడేవారు. బోర్డు మీద తరగతి తప్పుగా రాసి ఉండటం మామూలే, అందుకే చక్రాలు లెక్కపెట్టాలి. వైపీకి ముందు రెండు జతల చిన్న చక్రాలు, మధ్యలో మూడు జతల పెద్ద చక్రాలు, వెనక ఒక జత ఉంటాయి. వైజీకి ముందు ఒక జత, మధ్యలో నాలుగు, వెనక ఒకటి. రెండింటి బాయిలరూ ఒకటే రకం కాబట్టి పైభాగం మాత్రమే కనిపించే ఫొటోతో తేల్చకూడదు. వైపీ పెద్ద చక్రం వ్యాసం నాలుగున్నర అడుగులు, వైజీది నాలుగు అడుగులు. పక్కన మనిషి నిలబడి ఉన్న ఫొటో అయితే ఈ తేడా కంటికే తెలుస్తుంది. అయితే తరగతి ఒక్కటే తెలిస్తే చాలదు. వైజీలు వెయ్యికి పైగా తయారయ్యాయి, వైపీలు 871, డబ్ల్యూపీలు 755.

తర్వాత చోటు. పాత జాబితాల్లో చోటు పేరు ఉంటుంది, ఆ చోట ఉన్నట్టు ఎవరు ఎప్పుడు చూశారో ఉండదు. ఫెయిరీ క్వీన్ అనే ఇంజిన్‌నే తీసుకోండి. 1855లో లీడ్స్‌లో తయారై, 1909లో సర్వీసు ముగించుకుని, 1943 దాకా హౌరా స్టేషన్ బయట నిలబడింది. అక్కడి నుంచి చందౌసీ రైల్వే ట్రైనింగ్ స్కూలుకు, తర్వాత ఢిల్లీ చాణక్యపురిలో 1977లో తెరిచిన నేషనల్ రైల్ మ్యూజియానికి వెళ్లింది. 1997లో మళ్లీ నడిపాక రేవాడీ షెడ్డు దాని ఇల్లయింది. మధ్యలో మరమ్మతుకు పెరంబూరు వర్క్‌షాపుకూ పోయింది. ఏ కాలం పుస్తకం చూస్తే ఆ కాలపు ఊరు కనిపిస్తుంది, ఒక్కటీ అబద్ధం కాదు. తేదీ లేని చోటుతో మాత్రం ఉపయోగం లేదు.

జోన్ల పేర్లు ఇంకో చిక్కు. గుంతకల్లు డివిజన్ 1977లో దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేకి వచ్చింది. 2003లో కొత్త జోన్లు పుట్టినప్పుడు హుబ్లీ నైరుతి రైల్వే కేంద్రమైంది, వాల్తేరు డివిజన్ ఆగ్నేయ రైల్వే నుంచి తూర్పు కోస్తా రైల్వేకి మారింది. పాత జాబితాలో "దక్షిణ రైల్వే, హుబ్లీ" అని ఉంటే ఇప్పుడు చెన్నైకి ఉత్తరం రాసి లాభం లేదు. ఎవరికి రాయాలో తేలాలంటే ముందు డివిజన్ ఇప్పుడు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి.

వెతకాల్సిన చోట్లు స్టేషన్లు, మ్యూజియాలతో అయిపోవు. డీఆర్ఎం (డివిజనల్ రైల్వే మేనేజరు) ఆఫీసుల ముందు, జోన్ ట్రైనింగ్ స్కూళ్లలో, వర్క్‌షాపు గేట్ల దగ్గర, రైల్వే కాలనీ పార్కుల్లో, ఇంజినీరింగ్ కాలేజీల్లో, సైన్సు మ్యూజియాల్లో, చక్కెర మిల్లుల్లో, గనుల దగ్గర కూడా ఉంటాయి. పటియాలా మోనోరైలు 1927లో మూతపడింది. దాని ఇంజిన్ల మిగులు 1962లో రైల్వే చరిత్రకారుడు మైకేల్ సటో కంటపడింది రైల్వే స్థలంలో కాదు, ప్రజాపనుల శాఖ (పీడబ్ల్యూడీ) షెడ్డులో. తర్వాత అమృత్‌సర్ వర్క్‌షాపులో బాగుచేశారు, ఒకటి ఢిల్లీ మ్యూజియంలో ఉంది. రైల్వే రికార్డులు మాత్రమే చూసేవాళ్లకు అది ఎప్పటికీ దొరికేది కాదు.

ఇంట్లో కూర్చుని చేయగలిగింది ఉపగ్రహ చిత్రాలు చూడటం. టెండరుతో (ఇంజిన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే బండితో) కలిపి డబ్ల్యూపీ పొడవు సుమారు 24 మీటర్లు, వైపీ సుమారు 19 మీటర్లు. మ్యాపులోని కొలత పరికరంతో కొలిస్తే బ్రాడ్ గేజి ఇంజినో మీటరు గేజిదో చాలావరకు తేలుతుంది. పాత తేదీల చిత్రాలు వెనక్కి జరుపుకుంటూ చూస్తే ఇంజిన్ ఏ ఏడాది వచ్చిందో, ఏ ఏడాది మాయమైందో తెలుస్తుంది. స్టేషన్ల కొత్త నిర్మాణం జరిగే చోట ఇది చాలా పనికొస్తుంది. చెట్ల నీడ, పైన వేసిన రేకు, ఈ రెండింటిలో ఏది ఉన్నా మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే.

ఇక కాగితం పని. సమాచార హక్కు దరఖాస్తు ఈ పనికి చక్కగా సరిపోతుంది, సరిగ్గా రాస్తేనే. ఫీజు 10 రూపాయలు. కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కట్టొచ్చు, పోస్టులో పంపితే పోస్టల్ ఆర్డరు జతచేయొచ్చు. దరఖాస్తు 500 మాటలు దాటకుండా చూసుకోవాలి. "ఆ ఇంజిన్ ఏమైంది, ఎందుకు తీసేశారు?" అని అడిగితే జవాబు రాదు. అధికారి ఇవ్వాల్సింది తన దగ్గరున్న రికార్డు, వివరణ కాదు. అందుకని నేను అడిగేవన్నీ కాగితాలే: డివిజన్ పరిధిలో ప్లింత్ (ప్రదర్శన కోసం కట్టిన దిమ్మె) మీద ఉన్న ఇంజిన్లు, కోచ్‌ల జాబితా నకలు, ఫలానా ఇంజిన్‌ను తరలించిన ఉత్తర్వు నకలు, దాని నంబరు, తేదీ, కండెమ్ చేసి (పనికిరానిదని తేల్చి) అమ్మి ఉంటే ఆ లాట్ వివరం, డెలివరీ తేదీ. నకళ్లకు పేజీకి 2 రూపాయలు. ఫైళ్లు స్వయంగా చూస్తామని అడిగితే మొదటి గంట ఉచితం, తర్వాత గంటకు 5 రూపాయలు. పాత ఫైళ్ల విషయంలో నకళ్ల కంటే ఇదే మేలు, ఎందుకంటే మనకు కావలసిన ముక్క ఏ పేజీలో ఉందో వాళ్లకూ తెలియదు.

30 రోజుల్లో జవాబు రావాలి. విషయం తమది కాకపోతే సెక్షన్ 6(3) కింద 5 రోజుల్లో సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయాలి. నాకు ఎక్కువగా వచ్చిన జవాబు "రికార్డు అందుబాటులో లేదు". ఒక కార్యాలయం ఇదే జవాబిచ్చింది, ఇంజిన్ మాత్రం ఆ కార్యాలయం ఆవరణలోనే ఉంది. కారణం తెలుసుకుంటే కోపం రాదు: ఇంజిన్ మెకానికల్ శాఖ లెక్కలో ఉంటుంది, దాని కింది దిమ్మె, చుట్టూ కంచె ఇంజినీరింగ్ శాఖవి. ప్రశ్న ఒక శాఖకు వెళ్తే రెండో శాఖ ఫైలు ఎవరూ తెరవరు. అందుకే ఇంజిన్ గురించి ఒక ప్రశ్న, దిమ్మె కట్టిన పని అంచనా, తేదీ గురించి వేరే ప్రశ్న వేస్తాను. దిమ్మె కట్టిన తేదీ దొరికితే ఇంజిన్ వచ్చిన కాలం దొరికినట్టే. రికార్డు నాశనం చేశామంటే, నాశనం చేసినట్టు చూపే రిజిస్టరు పేజీ అడగాలి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

కాగితాలు ఎన్ని దొరికినా ఇంజిన్ దగ్గరికి వెళ్లక తప్పదు. వర్క్‌షాపు, షెడ్డు లోపలైతే ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. వెంట తీసుకెళ్లేవి టార్చి, తెల్ల సుద్ద, పల్చటి కాగితం, మెత్తటి పెన్సిలు, స్టీలు టేపు. టేపుతో మొదట పట్టాల మధ్య లోపలి కొలత: 1676 మిల్లీమీటర్లయితే బ్రాడ్ గేజి, 1000 అయితే మీటరు, 762 లేదా 610 అయితే నేరో. దిమ్మె మీద వేసిన పట్టాలు ఎప్పుడూ ఇంజిన్ గేజివే కావు, కాబట్టి చక్రాల అంచులు పట్టాల లోపలివైపు సరిగ్గా కూర్చున్నాయో లేదో కూడా చూడాలి.

అసలు సమాచారం ఉండేది కప్లింగ్ రాడ్ల మీద, అంటే పెద్ద చక్రాలను ఒకదానితో ఒకటి కలిపే ఉక్కు కడ్డీల మీద. రాడ్ చివర గుండ్రటి భాగం పక్కన అంగుళంలోపు ఎత్తున్న అంకెలు గుద్ది ఉంటాయి. వాటి మీద ఏళ్ల తరబడి వేసిన నల్ల పెయింటు పొరలు గుంటల్ని దాదాపు పూడ్చేస్తాయి. ఎదురుగా వెలుగు పడితే ఏమీ కనబడదు. టార్చిని ఉక్కుకు ఆనించినట్టు పక్కనుంచి పట్టుకుంటే ఒక్కో అంకె అంచున సన్నటి నీడ లేస్తుంది. అప్పుడు సుద్దను అడ్డంగా పడుకోబెట్టి తేలిగ్గా రుద్దితే చుట్టూ తెల్లబడి అంకె మాత్రం నల్లగా మిగులుతుంది. 3కి, 8కి మధ్య అనుమానం వస్తే సుద్ద తుడిచి వెలుగు దిక్కు మార్చి మళ్లీ చూడాలి. ఉబ్బెత్తు అక్షరాల పోత ప్లేట్లయితే కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే చాలు. వైరు బ్రష్షు, పెయింటు తీసే రసాయనం వద్దు. గుద్దిన లోతు తక్కువ, ఒక్కసారి గీసుకుపోతే ఆ సాక్ష్యం ఇక తిరిగిరాదు.

ఎడమ రాడ్ మీద ఒక నంబరు, కుడి రాడ్ మీద ఇంకోటి, టెండరు మీద మూడోది, క్యాబిన్ మీద పెయింటుతో నాలుగోది కనిపించడం అరుదేమీ కాదు. వర్క్‌షాపులో పీఓహెచ్‌కి (నిర్ణీత కాలానికోసారి చేసే పెద్ద మరమ్మతుకు) వచ్చిన ఇంజిన్ల రాడ్లు, బాయిలర్లు, టెండర్లు ఒకదానివి ఒకదానికి మారేవి. ఆవిరి రోజుల చివర్లో కండెమ్ అయిన ఇంజిన్ల విడిభాగాలతోనే మిగతావి నడిచాయి. ప్లింత్‌కు ఎంచుకున్నప్పుడు కూడా మంచి భాగాలు ఏరి తొడిగారు. అందుకే నేను బాయిలర్ ప్లేటును బాయిలరుకు మాత్రమే సాక్ష్యంగా తీసుకుంటాను, టెండరు నంబరును టెండరుకే. ఫ్రేము (ఇంజిన్ అడుగు చట్రం) మీద గుద్దిన నంబరు దొరికితే ఇంజిన్ అదే. అది దొరక్కపోతే రాడ్లలో ఎక్కువ వాటి మీద ఉన్న నంబరు రాసి, పక్కన "నిర్ధారణ కాలేదు" అని పెడతాను.

ఇత్తడి మేకర్ ప్లేట్లు చాలాచోట్ల ఉండవు. కానీ స్మోక్‌బాక్స్ (బాయిలరు ముందు, పొగగొట్టం కింది భాగం) పక్కన బోల్టు రంధ్రాలు, పెయింటు కింద ప్లేటు అచ్చు మిగులుతాయి. గుండ్రటి అచ్చు బాల్డ్విన్ కంపెనీ వైపు, డైమండ్ అచ్చు నార్త్ బ్రిటిష్ కంపెనీ వైపు చూపిస్తాయి. ఒక ప్లేటు విదేశీ వేలంలో కనిపించినంత మాత్రాన దాని ఇంజిన్ స్క్రాప్ అయిందని రాసుకోకూడదు. బేయర్ పీకాక్ కంపెనీ రికార్డులు మాంచెస్టర్‌లోని సైన్స్ అండ్ ఇండస్ట్రీ మ్యూజియంలో, పాత కంపెనీ రైల్వేల నివేదికలు లండన్ బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. వర్క్స్ నంబరుకు మొదటి రైల్వే నంబరు జత కలపడానికి అలాంటి చోట్లకే రాయాలి.

ట్రాముల వెతుకులాట వేరు. మద్రాసులో 1953లో, ఢిల్లీలో 1963లో, ముంబైలో 1964లో ఆగిపోయాయి. ట్రాము బాడీకి చక్రాల ట్రక్కులు తీసేస్తే గదిలా పనికొస్తుంది, దాంతో అది ట్రామని చూసినవాళ్లకు తట్టదు. నంబరు కోసం లోపలివైపు, డ్రైవరు తలుపు పైన చెక్క మీద చూడాలి. ట్రక్కులు ఉంటే కొలత చెబుతుంది: కోల్‌కతా ట్రాములది 1435 మిల్లీమీటర్ల గేజి. కోల్‌కతా ఎస్ప్లనేడ్‌లో 1938 నాటి ట్రాములోనే స్మరణిక మ్యూజియం ఉంది, భాగాలు పోల్చుకోవడానికి మంచి చోటు.

చివరిగా ఒక విన్నపం. మీటరు గేజి రోజుల్లో షెడ్ల దగ్గర, రిటైర్మెంట్ సన్మానాల్లో ఇంజిన్ ముందు నిలబడి తీయించుకున్న ఫొటోలు రైల్వే కుటుంబాల ఇళ్లలో చాలా ఉంటాయి. వాటిని స్కాన్ చేసేటప్పుడు వెనకవైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర, తేదీ, ఊరు ఉండేది అక్కడే. ముందువైపు బఫర్ బీమ్ (ఇంజిన్ ముందు చివర ఉండే అడ్డ దూలం) మీది నంబరు, క్యాబిన్ పక్కన రాసిన షెడ్డు పేరు చదవగలిగేంత పెద్ద సైజులో ఉంచండి, అంచులు కత్తిరించకండి.