లాల్‌బాగ్‌కి వెళ్తే బండరాయి ఎక్కకుండా రావద్దు

నన్నడిగితే బెంగళూరు లాల్‌బాగ్ తోటలో ముందు చూడాల్సింది పూలు కాదు, బండ. అదే, పైన చిన్న గోపురం ఉంటుంది చూడండి, అది. మా మామ అనంతపురం నుంచి వచ్చినప్పుడు తీస్కెళ్తే "బండ చూసేదానికి టికెట్ ఏందిరా, మా ఊరి చుట్టూ ఉండేది ఇవేగదా" అన్నాడు. ఆయనన్నదీ నిజమే, పెనిన్సులర్ నైస్ అనే ఈ రాయి దక్షిణాదిలో చాలా దూరం పరుచుకుని ఉంది, కాకపోతే 1916లో మైసూర్ జియలాజికల్ డిపార్ట్‌మెంట్‌లో పన్చేసే స్మీత్ అనే ఆయన దానికి ఆ పేరు పెట్టింది ఈ బండని స్టడీ చేసే. వయసు 300 కోట్ల ఏళ్లు! జీఎస్ఐ (కేంద్ర ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వాళ్లు దీన్ని నేషనల్ జియలాజికల్ మాన్యుమెంట్ అని డిక్లేర్ చేశారు కూడా, జనం మాత్రం దానిమీద కూచుని పల్లీలు తింటూ సెల్ఫీలు దిగుతుంటారు (నేనూ అంతే అనుకోండి).

గోపురమేమో అప్పట్లో బెంగళూరుని ఏలిన కెంపేగౌడల కాలం నాటిది. ఊరు ఇక్కడిదాకే పెరగాలి అని నాలుగు వైపులా గుర్తులుగా కట్టించారని చెప్తారు, ఇప్పుడు అక్కడ నిలబడి చూస్తే ఊరు ఎక్కడ అయిపోతుందో ఎవడికీ తెలీదు.

తోట 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు, టిప్పు బయటి దేశాల నుంచి మొక్కలు తెప్పించాడు, 1856లో గవర్నమెంట్ బొటానికల్ గార్డెన్ అయింది, ఇప్పుడు 240 ఎకరాలు. ఇదంతా అందరూ చెప్పేదే. నాకు ఆ తర్వాత వచ్చిన తోట ఆఫీసర్లే ఇంట్రెస్టింగ్. జాన్ కామెరాన్ టైంలో గ్లాస్ హౌస్ వచ్చింది, 1889 నవంబర్ 30న ప్రిన్స్ ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేశాడు, లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మోడల్. అది బానే ఉంటుంది గానీ నాకు ఆయన మీద అభిమానం వేరే విషయానికి, మనం పప్పులో వేసుకునే బెంగళూరు వంకాయని ఇక్కడికి తెచ్చి పెంచింది ఆయనే అంటారు. తర్వాత క్రుంబీగల్ అనే జర్మన్ ఆయన, లండన్ క్యూ గార్డెన్స్‌లో పనిచేసి ఇండియాకొచ్చాడు, ఒక చెట్టు పూత అయిపోగానే ఇంకో రకం పూసేలా రోడ్ల పక్కన చెట్లు నాటించే పద్ధతి ఆయనదే, ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకుంటూ తలెత్తితే కనిపించే ఆ రంగుల వెనక ఆయన ప్లాన్ ఉందన్నమాట.

జనవరి 26, ఆగస్ట్ 15 టైంలో ఫ్లవర్ షో ఉంటుంది, చిన్నపిల్లలుంటే వీకెండ్‌లో మాత్రం ఆ తోపులాటకి అస్సలు పోవద్దు, మామూలు రోజు పొద్దున్నే గ్రీన్ లైన్ మెట్రోలో లాల్‌బాగ్ స్టేషన్లో దిగండి. చెరువు చుట్టూ తిరిగి, పాత బూరుగు చెట్టు వేళ్లు చూసి, ఆకలేస్తే దగ్గర్లోనే ఎంటీఆర్ అనే పాత టిఫిన్ హోటల్లో రవ్వ ఇడ్లీ. బండ మాత్రం ఎండెక్కక ముందే ఎక్కేయండి, పైన నీడ లేదు, మధ్యాహ్నం కూచోవాలంటే కాలిపోద్ది, వాన పడితే జారుతుంది కూడా.