నడిసముద్రంలో అల్లికల బల్ల: నా అనుభవం

చేతిలో అల్లిక ఉన్నవాళ్లకి సీ డే అంటే పండగ. ఏ రేవులోనూ ఆగకుండా ఓడ రోజంతా సముద్రం మీదే సాగే రోజు అది. నేను ఎంచుకున్న క్రూజ్‌లో అలాంటి రోజులే ఎక్కువ. చలికాలం రాబోతుండగా చాలా ఓడల్ని మధ్యధరా సముద్రం నుంచి కరీబియన్ వైపు తరలిస్తారు, వసంతంలో మళ్లీ వెనక్కి తీసుకొస్తారు. వీటిని రీపొజిషనింగ్ క్రూజ్‌లంటారు. అట్లాంటిక్ దాటేటప్పుడు వారం దాకా నేల కనపడదు. బోర్ కొడుతుందేమోనని చాలామంది వెనకాడతారు. నేను మాత్రం ఆ వారం కోసమే టికెట్ తీసుకున్నాను. ఓడలో నిట్టింగ్, ఒకే కొక్కెం సూదితో అల్లే క్రోషే, ఎంబ్రాయిడరీ చేసేవాళ్లు ఎవరున్నా వెతికి పట్టుకోవాలి, రోజూ ఒకచోట కూర్చోవాలి అని బయల్దేరేటప్పుడే అనుకున్నాను.

ముందు సంచి సంగతి. విమానంలో వెళ్లి ఓడ ఎక్కేవాళ్లకి రెండుచోట్ల చెకింగ్ ఉంటుంది. అమెరికా విమానాశ్రయాల్లో భద్రత చూసే టీఎస్ఏ ఊలు సూదుల్ని, క్రోషే సూదుల్ని చేతిసంచిలో తీసుకెళ్లనిస్తుంది. కత్తెర అయితే ఇరుసు నుంచి మొన దాకా 4 అంగుళాల లోపుండాలి. మెడలో వేసుకునే లాకెట్ ఆకారంలో దారం కట్టర్లు వస్తాయి కదా, లోపల బ్లేడ్ ఉంటుంది, వాటిని చేతిసంచిలో ఒప్పుకోరు. మిగతా దేశాల్లో రూల్స్ వేరుగా ఉండొచ్చు. ఎక్కడైనా చివరి మాట చెకింగ్ దగ్గర నిలబడ్డ అధికారిదే. అందుకని సగం అల్లిన నా స్వెటర్ కుట్లన్నిట్లోంచి ఒక నున్నటి దారం దూర్చి పెట్టుకున్నాను. దీన్ని లైఫ్‌లైన్ అంటారు. సూదులు తీసేసుకున్నా కుట్లు జారిపోవు. నెలల శ్రమ చేతిలో ఉన్నప్పుడు ఆ ఒక్క దారం ఎంత టెన్షన్ తగ్గిస్తుందో చెప్పలేను.

క్రూజ్ కంపెనీలు కూడా తేకూడని వస్తువుల జాబితా విడిగా ఇస్తాయి. అందులో కత్తెర బ్లేడ్ ఎంత పొడవుండొచ్చో చూసుకోవాలి. నిప్పు భయంతో ఇస్త్రీపెట్టెని క్యాబిన్‌లోకి తేనివ్వరు. అల్లిన ముక్కకి ఆవిరి పట్టి సాపు చేద్దామంటే కుదరదన్నమాట. తడిపి, తువ్వాలు మీద పరిచి ఆరబెట్టుకోవడమే. సూదుల్లో నా ఓటు వెదురు సర్క్యులర్ సూదులకి. రెండు మొనలూ తీగతో కలిసి ఉంటాయి కాబట్టి ఓడ ఊగినా బల్ల మీంచి దొర్లిపోవు. ప్యాటర్న్‌లు ముందే ఫోన్‌లోకి దించుకోవాలి. నడిసముద్రంలో ఇంటర్నెట్ ఎప్పుడూ బాగా అందుతుందని నమ్ముకోలేం. ఊలు కూడా సరిపడా తెచ్చుకోవాలి. ఓడ మీద షాపుల్లో నగలు, సెంట్లు, గడియారాలు దొరుకుతాయి గానీ ఊలు ఉండ దొరుకుతుందని నమ్ముకోలేం.

ఓడ ఎక్కగానే చేసిన మొదటి పని ఆ రోజు కార్యక్రమాల పట్టిక చదవడం. కునార్డ్ లాంటి కంపెనీల ఓడల్లో సీ డే పట్టికలోనే నిట్టింగ్ కలయిక కనిపిస్తుంటుంది. నేనెక్కిన ఓడ పట్టికలో క్విజ్ ఉంది, డ్యాన్స్ క్లాసుంది, పేకాట ఉంది, అల్లికల మాటే లేదు. కొన్ని ఓడల్లో బయటి నిర్వాహకులు టీచర్లని వెంటబెట్టుకొచ్చి నిట్టింగ్ టూర్లు నడుపుతారు. వాళ్ల క్లాసులు వాళ్ల గుంపుకే. మా ఓడలో అదీ లేదు. రిసెప్షన్‌లో అడిగితే, ఓడలో కార్యక్రమాలు చూసే క్రూజ్ డైరెక్టర్ టీమ్‌ని కలవమన్నారు. సిబ్బంది లేకుండా ప్రయాణికులే నడుపుకునే కలయికలకి పట్టికలో చోటిస్తారని, దానికి గది ఖాళీగా ఉండాలని, పేరు రాసి ఇవ్వమని వాళ్లు చెప్పారు. ఇంతే తతంగం. ఫారం లేదు, ఫీజు లేదు. కానీ ఎవరూ అడక్కపోతే ఎవరూ పెట్టరు. తర్వాత చాలామంది నాతో అన్నమాట ఒకటే: ‘పట్టికలో లేదు కదా, ఇక లేదనుకున్నాం.’

మొదట మాకిచ్చిన చోటు బార్ పక్కన ఒక లాంజ్. సోఫాలు లోతుగా ఉన్నాయి, దీపాలు మసక. పక్కనే మైకు పట్టుకుని క్విజ్ నడుపుతున్నారు. ముదురు నీలం ఊలు తెచ్చుకున్న ఒకావిడ కుట్టు కనపడక పాపం కిటికీ వైపు తిరిగి తిరిగి చూస్తోంది. అరగంట కాకుండానే లేచి వెళ్లిపోయింది. మళ్లీ టీమ్ దగ్గరికెళ్లి వేరే చోటు కావాలన్నాను. ‘ఏది కావాలో చూసి చెప్పండి’ అన్నారు. నిజంగానే చూశాను. వేర్వేరు వేళల్లో ఓడంతా తిరిగాను.

పై డెక్‌లో, ఓడ ముందువైపు అద్దాల లాంజ్ ఉంది. వెలుతురు బ్రహ్మాండం. కానీ ఓడ ఊపు అన్నిటికంటే ఎక్కువ తెలిసేది పైనా, కొసల్లోనూ. తలవంచి కుట్లు లెక్కపెట్టేవాళ్లకి అక్కడ పది నిమిషాల్లో కడుపులో తిప్పుతుంది. లైబ్రరీలో నిశ్శబ్దం పాటించాలి, మాకేమో మాటలు లేకపోతే కుదరదు. చివరికి దొరికింది ఓడ నడిమి భాగంలో, కింది డెక్‌లో ఉన్న కార్డ్ రూమ్. గట్టి కుర్చీలు, మోచేతులకి అడ్డం రాని బల్లలు, ఒక పక్కంతా కిటికీలు. బ్రిడ్జ్ పేకాట ఆడేవాళ్లు మధ్యాహ్నం వస్తారు, పొద్దున పూట ఖాళీ. ప్రతి సీ డే పొద్దున పది గంటలకి అని రాయించాను. కలయిక నిలబడాలంటే నా దృష్టిలో ఇదే ప్రాణం: రోజూ అదే గంట, అదే బల్ల. ఒకరోజు పదికి, మరోరోజు మూడుకి అంటే జనం వెతుక్కోరు, వదిలేస్తారు.

గంట అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. పడమటికి వెళ్తుంటే కొన్ని రాత్రులు గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజుకి ఇరవై అయిదు గంటలు. ఫోన్ దానంతటది సర్దుకుంటుందని నమ్మితే తొమ్మిదికే వచ్చి కూర్చుంటారు. అలా వచ్చినవాళ్లు ఖాళీ బల్ల చూసి వెనక్కి పోకూడదని గడియారం మారిన రోజుల్లో నేను ముందే వెళ్లి కూర్చునేదాన్ని.

పట్టికలో పేరు పడ్డా మొదట వచ్చింది కొద్దిమందే. మిగతావాళ్లని తెచ్చింది పట్టిక కాదు, అల్లికే. సాయంత్రం పూట జనం అటూ ఇటూ తిరిగే పెద్ద హాల్లో మెట్ల పక్కన కూర్చుని అల్లుకునేదాన్ని. దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరు ఆగేవారు. ‘నేనూ తెచ్చాను, క్యాబిన్‌లో ఉంది.’ ‘మా అమ్మ అల్లేది.’ ‘నాకు రాదు, చూడొచ్చా?’ అందరికీ ఒకటే జవాబు: రేపు పదికి కార్డ్ రూమ్‌కి రండి. అల్లడం రానివాళ్ల కోసం ఒక కుర్చీ, లావు సూదుల జత, లేత రంగు లావు ఊలు ఉండ ఎప్పుడూ బల్ల మీద ఉంచాను. నేర్చుకునే చేతికి లేత రంగే మంచిది, కుట్టు ఎటు పోయిందో కంటికి ఆనుతుంది.

బల్ల చుట్టూ చేతుల్ని చూడటం నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. ఒకావిడ ఊలుని కుడిచేత్తో సూది చుట్టూ తిప్పి వేస్తోంది. పక్కావిడ ఎడమ చూపుడువేలికి ఊలు చుట్టుకుని సూది మొనతో లాగేస్తోంది, చెయ్యి కదిలినట్టే లేదు. ఇంకొకావిడ ఊలుని మెడ వెనక నుంచి తీసుకొచ్చి బొటనవేలితో తోస్తోంది, పోర్చుగీసు పద్ధతి. మూడింటిలోంచీ వచ్చే బట్ట ఒకటే. మెడ మీదుగా అల్లే ఆవిడకి మా మాట రాదు, మాకు ఆవిడ మాట రాదు. ఒకరోజు కొత్తగా నేర్చుకుంటున్న అమ్మాయి కుట్టొకటి జారి మూడు వరసలు కిందికి నిచ్చెనలా విడిపోయింది. అమ్మాయి మొహం పాలిపోయింది. ఆవిడ లేచొచ్చి, ఆ ముక్క తన ఒడిలో పెట్టుకుని, క్రోషే సూదిని జారిన కుట్టులోకి ముందునుంచి దూర్చింది. పైనున్న అడ్డదారాన్ని పట్టి ఆ కుట్టులోంచి లాగింది. ఒక వరస. మళ్లీ ఒకటి, మళ్లీ ఒకటి. కుట్టుని తిరిగి సూదికెక్కించే ముందు ఆగి, మొత్తం విప్పేసి అమ్మాయి చేతిలో పెట్టింది. నువ్వు చెయ్యి అని. రెండోసారికి అమ్మాయికి వచ్చేసింది.

మగవాళ్లూ వచ్చారు. ఒక పెద్దాయన భార్య కోసం కాఫీ తెచ్చిచ్చి వెళ్లబోతుంటే కూర్చోబెట్టాం. 19వ శతాబ్దంలో బ్రిటిష్ నావికులు తీరిక దొరికితే ఊలు దారంతో తమ ఓడల బొమ్మలు కుట్టేవారని ఆయనే చెప్పారు. వూలీలని పేరు, మ్యూజియాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. తెరచాపలు కుట్టడం అలవాటైన చేతులు కదా. మర్నాటి నుంచి ఆయన క్రోషే నేర్చుకున్నారు.

తలా ఒకటి అల్లుకుంటున్నాం, అందరం కలిసి ఏదైనా చేద్దామనే మాట వచ్చింది. వార్మ్ అప్ అమెరికా గురించి తెలిసిన ఒకావిడ దారి చూపింది. అవసరంలో ఉన్నవాళ్లకి దుప్పట్లు అల్లి ఇవ్వడానికి ఈవీ రోజెన్ అనే ఆవిడ 1991లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో మొదలుపెట్టిన సేవ అది. 7 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల పొడవు ముక్కలు ఎవరికి వాళ్లు అల్లుతారు. అలాంటివి 49 కలిపి కుడితే ఒక దుప్పటి. మాకు సరిగ్గా సరిపోయింది. తెచ్చుకున్న ఊలులో మిగిలినదంతా బల్ల మీదికొచ్చింది. పరుపులా మందంగా వచ్చేవీ, జాలీలా పల్చగా వచ్చేవీ ఉండకుండా ఒకే లావు ఊలు ఏరుకుని, 8వ నంబరు సూదులతో అల్లుదామన్నాం. ముక్కలు చేతికొస్తే ఒకటి వదులు, ఒకటి బిగువు. అమెరికా 8వ నంబరు సూది 5 మిల్లీమీటర్లు, పాత బ్రిటిష్ 8వ నంబరు 4 మిల్లీమీటర్లు. పైగా బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అప్పట్నుంచి నంబర్ల గొడవ మానేసి మిల్లీమీటర్లే మాట్లాడాం, ఒక స్కేలు బల్లకి టేపుతో అంటించాం. వేర్వేరు దేశాలవాళ్లు కలిసి అల్లేచోట ఈ ఒక్క పని మొదటిరోజే చేసుకోవాలి.

అలలు లేచిన రోజొకటి ఎదురైంది. కుర్చీలు జరుగుతున్నాయి, లేసు అల్లేవాళ్లందరూ చేతులెత్తేశారు. లెక్కలున్న అల్లికకి కళ్లు అక్కడే పెట్టాలి, కళ్లు అక్కడే పెడితే తల తిరుగుతుంది. గార్టర్ స్టిచ్ అయితే ప్రతి వరసా ఒకే కుట్టు కాబట్టి చేతులకి వదిలేసి కిటికీలోంచి దూరంగా సముద్రం అంచుని చూస్తూ కూర్చోవచ్చు. ఆ రోజు అందరం దుప్పటి ముక్కలే అల్లాం. ఆ మాటా ఈ మాటా చెప్పుకుంటూ ఉంటే, భర్త పోయాక మొదటిసారి ఒంటరిగా బయల్దేరానని ఒకావిడ చెప్పింది. డైనింగ్ హాల్లో జంటల మధ్య ఒక్కతే కూర్చోవడం కష్టంగా ఉంది, ఇక్కడికొస్తే మాత్రం ఎవరూ ఏమీ అడగరు అంది. ఆ రాత్రి నుంచి మాలో నలుగురం ఆవిడతో కలిసి భోంచేశాం. కలయికలు ఎందుకని ఎవరైనా నన్నడిగితే నేను ఆవిడ పేరే తలుచుకుంటాను.

ప్రయాణం అయిపోయే ముందు ముక్కలన్నీ బల్ల మీద పరిచాం. 49 రాలేదు, సగం కాస్త దాటాయి. ఎవరింటికి తీసుకెళ్లాలా అని చూస్తుంటే, మాలో ఇద్దరు దిగడం లేదని, అదే ఓడలో తర్వాతి ప్రయాణానికీ ఉంటున్నారని తెలిసింది. ముక్కలు, మిగిలిన ఊలు, లావు సూదుల జత, స్కేలు వాళ్లకిచ్చేశాం. వాళ్లు అటునుంచి అటే క్రూజ్ డైరెక్టర్ టీమ్ దగ్గరికెళ్లి, రాబోయే సీ డేలన్నిటికీ కార్డ్ రూమ్, పొద్దున పది గంటలు అని రాయించుకున్నారు.