చెల్లి కెన్యా వెళ్తానంది

ఆఫీసు పని మీద పొద్దున్నే గార వైపు వెళ్ళాను. డ్వాక్రా సంఘాల పుస్తకాలు సరిచూడటం, బ్యాంకు లోను కాగితాల మీద సంతకాలు పెట్టించడం, ఎప్పుడూ ఉండేదే. మధ్యాహ్నం శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సు దిగేసరికి మా చిన్నాన్న కూతురు నాకోసం కూర్చుని ఉంది. ఆమదాలవలస నుంచి ఎండలో వచ్చింది. బీఎస్సీ నర్సింగ్ పూర్తయి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేస్తోంది. "అక్కా, సెలెక్టయ్యాను!" అంటూ ఫోను నా చేతిలో పెట్టింది. కెన్యాలో, కిసుము దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో ఆరు నెలల వాలంటీర్ పని.

విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో నేనూ పనిచేసి వచ్చాను, ఆడపిల్లల బడిలో. నా కబుర్లు వినే ఇది ఈ దారి పట్టింది. కాబట్టి ఆ ఉత్తరం ప్రతి అక్షరం చదవాల్సిన బాధ్యత నాదే.

ఫీజు ఎంత, ఏ తేదీలోగా కట్టాలి అన్నది వివరంగా రాశారు. వసతి గురించి మాత్రం "స్థానిక కుటుంబంతో" అని ఒక్క ముక్క. ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలంటే, "మీ కోఆర్డినేటర్‌కు" అని ఉంది.

నన్ను అక్కడ ఇబ్బంది పెట్టింది కోఆర్డినేటరే. ఆ దేశం మనిషి కాదు. యూరప్ నుంచి వచ్చి వాలంటీర్లందరి మీదా పెత్తనం చేసేవాడు. రాత్రి పదకొండు దాటాక రిపోర్టు గురించి మాట్లాడాలంటూ ఫోన్లు, ఆ తర్వాత తలుపు దాకా రావడాలు. నా గదికి లోపల గడియ లేదు. కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకునేదాన్ని. పైవాళ్ళకు ఫిర్యాదు రాసి పంపిస్తే, సంస్కృతుల తేడా వల్ల వచ్చిన అపార్థం అని జవాబిచ్చారు. ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అర్ధరాత్రి ఒంటరిగా ఉన్న ఆడపిల్ల తలుపు తట్టొచ్చని ఏ సంస్కృతి చెప్పింది?

నన్ను ఆదుకున్నది మా బడి హెడ్మిస్ట్రెస్. లువో తెగ ఆవిడ. నేను చెప్పిందంతా విని, ఎదురు ప్రశ్న ఒక్కటీ వేయకుండా, ఆ సాయంత్రమే నా పెట్టె తన ఇంటికి చేర్పించారు. ఆడవాళ్ళ మీద హింస జరిగితే చెప్పుకోవడానికి కెన్యాలో 1195 నంబరు ఉందని, నా ఫోను తీసుకుని తనే సేవ్ చేశారు. 2024 జనవరి 27న, ఆడవాళ్ళ హత్యలు ఆపాలంటూ నైరోబీలోనూ ఇంకొన్ని పట్టణాల్లోనూ వేలమంది రోడ్డెక్కారని ఇక్కడ వార్త చదివి, మొదట ఫోను చేసింది ఆవిడకే. ఆఫ్రికా అనగానే ఆడపిల్లకు ప్రమాదం అనుకునే మా చుట్టాలకు ఆవిడ గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

వాళ్ళింట్లో పొద్దున్నే ఉజి ఇచ్చేవారు. చోడి, అంటే రాగి పిండితో కాచే జావ, అచ్చం మన చోడంబలిలాగే ఉంటుంది. అసలు చోళ్ళు తూర్పు ఆఫ్రికా పంటే, వేల ఏళ్ళ కిందట అటునుంచే మనకు వచ్చాయి. ఇంటి మీద బెంగ నాకు సగం ఆ గ్లాసుతోనే తగ్గింది.

ఇంకో కష్టం ఉంది, దాన్ని ఎవరూ ముందుగా చెప్పరు. తెల్ల వాలంటీర్లను చూడగానే సాయానికి వచ్చినవాళ్ళని గుర్తిస్తారు, మనల్ని అలా గుర్తించరు. కెన్యా తీరంలోని మొంబాసా నుంచి రైలు దారి వేయడానికి 1896 నుంచి బ్రిటిష్‌వాళ్ళు మన దేశం నుంచి వేలమంది కూలీలను తీసుకెళ్ళారు. 1901లో ఆ లైను కిసుము చేరింది. ఆ కూలీల్లో కొందరు, వాళ్ళ వెనక వెళ్ళిన వ్యాపారులు అక్కడే స్థిరపడ్డారు. అందుకని బజారులో నన్ను చూస్తే ఏదో కొట్టు యజమాని కూతుర్ననుకుని ధర పెంచి చెప్పేవారు. అక్కడి మనవాళ్ళ ఇళ్ళకు వెళ్తే, పెళ్ళికాని పిల్లని ఇంత దూరం ఎలా పంపారని పెద్దవాళ్ళు నన్నే నిలదీసేవారు. వాలంటీర్ల మీటింగులో అందరూ మాట్లాడాక గానీ నా వంతు వచ్చేది కాదు. నేనెవరో, ఎందుకొచ్చానో రోజూ మొదటి నుంచీ చెప్పుకోవాలి. ఎండలో నడిచిన అలసట రాత్రికి తీరేది, ఈ అలసట తీరేది కాదు.

నెలసరి రోజులు, నీళ్ళు రాని బాత్రూములు, మలేరియా గురించి చెప్పబోతే "అవి నేను చూసుకుంటానక్కా" అంది. నర్సు కదా, ఆ విషయంలో నాకూ దిగుల్లేదు.

ఇంతలో చిన్నాన్న ఫోను. "ఏటమ్మా, నువ్వైనా సెప్పు దానికి. జీతం లేదు, ఎదురు డబ్బులు కట్టి ఎల్తాదంట. రేపు సంబంధాలొస్తే ఏటి సెప్పాలి?" ఆదివారం వస్తాను, కూర్చుని మాట్లాడుకుందాం చిన్నాన్నా అన్నాను.

ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ వలస మన జిల్లాకు కొత్త కాదు. ఉద్దానం నుంచి గల్ఫ్‌కి, తీరం ఊళ్ళ నుంచి గుజరాత్ వేరావల్‌కి మగవాళ్ళు వెళ్తూనే ఉన్నారు. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. 2020 జనవరి దాకా వాళ్ళకు విడుదల దొరకలేదు. అంత జరిగినా మగపిల్లల్ని ఇక పంపొద్దని మా ఇళ్ళల్లో ఎవరూ అనలేదు. వాళ్ళు సంపాదనకు వెళ్తున్నారు, ఆ ఒక్క మాట చాలు. ఆడపిల్ల జీతం లేని పనికి వెళ్తానంటే మాత్రం ఇంటింటికీ సంజాయిషీ చెప్పుకోవాలి.

చట్టంలోనూ అంతే. పదో తరగతి పాసవ్వనివాళ్ళు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు అనే ప్రభుత్వ అనుమతి, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. అలా వెళ్ళే ఆడవాళ్ళకు 30 ఏళ్ళు నిండాలన్న నియమమూ ఉంది. వాటి అమలులో లోపాలున్నాయి, కానీ చూపించి అడగడానికి కాగితమంటూ ఒకటుంది. వాలంటీరుగా వెళ్ళే అమ్మాయికి అదీ లేదు. పైగా సేవకు వచ్చాం కాబట్టి ఎలాంటి గది ఇచ్చినా సర్దుకోవాలని, నోరు తెరిస్తే మంచి పనిని పాడుచేసినట్టని అవతలివాళ్ళూ చూస్తారు, మనకూ అనిపిస్తుంది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. జీతం తీసుకోవడం లేదు సరే, భద్రంగా ఉండే హక్కు కూడా వదులుకుని వెళ్తున్నామా?

దాన్ని ఇంటికి తీసుకొచ్చి, టీ తాగి, ఇద్దరం మెయిల్ రాయడానికి కూర్చున్నాం. కోఆర్డినేటర్ మీదే ఫిర్యాదు చేయాల్సి వస్తే ఎవరికి చేయాలి, వాళ్ళ పేరు, నంబరు కావాలి అన్నది మొదటి ప్రశ్న. గదికి లోపల గడియ ఉందా, చీకటి పడ్డాక డ్యూటీ అయితే ఏ బండిలో దింపుతారు, ఆసుపత్రిలో చేరినా, ఉన్నపళంగా తిరిగి రావాల్సి వచ్చినా ఆ ఖర్చు బీమాలో ఉందా. ఇంతకుముందు అక్కడ పనిచేసిన అమ్మాయిలతో మాట్లాడించగలరా అని కూడా అడిగాం. పాస్‌పోర్టు ఎవరి దగ్గరా పెట్టను, అది భారత ప్రభుత్వ ఆస్తి అని నేనే రాయించాను. కెన్యాలో జీతం లేని పనికైనా అనుమతి తీసుకోవాలి, టూరిస్టుగా దిగి పనిలో చేరకూడదు. నర్సుగా రోగిని ముట్టుకోవాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ తాత్కాలిక రిజిస్ట్రేషన్ కూడా కావాలి. ఆ రెండూ ఎవరు చేయిస్తారో రాతలో చెప్పమన్నాం. ఎల్లో ఫీవర్ టీకా సంగతి మాత్రం ఇదే చూసుకోవాలి. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్ లేకపోతే, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.

చివర్లో "ఇన్ని ప్రశ్నలు అడుగుతున్నందుకు క్షమించండి" అని రాసింది. తీసేయమన్నాను.

"మరీ గట్టిగా ఉంటుందేమో అక్కా."

"నీ సర్టిఫికెట్లన్నీ అడిగినప్పుడు వాళ్ళు నిన్ను క్షమించమన్నారా?"

కాసేపు ఆలోచించి తీసేసింది. అప్పుడు పంపింది.

సరైన జవాబు రాకపోతే అక్కడితో అయిపోలేదని కూడా చెప్పాను. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1970 నుంచి ఉంది, దాని ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్‌లో. 18 నుంచి 26 ఏళ్ళవాళ్ళకు విడిగా యూత్ విభాగం ఉంది. ఎంపికైతే దారి ఖర్చు, నెలనెలా జీవన భృతి, బీమా వాళ్ళే ఇస్తారు. ఫీజు అడగరు. పోటీ ఎక్కువ, ఆలస్యం అవుతుంది, అయినా ప్రయత్నించదగ్గ దారి.

ఇప్పుడు పక్క గదిలో అందులో ప్రొఫైల్ నింపుతోంది. అటువాళ్ళ ఫీజు గడువు శుక్రవారం. జవాబు రాకుండా రూపాయి కట్టనని చిన్నాన్నకు తనే ఫోను చేసి చెప్పింది. జవాబు బాగుంటే ఆయన్ని ఒప్పించడం నా పని. హెడ్మిస్ట్రెస్ గారి నంబరు ఇచ్చి ఆదివారం ఆవిడతో వీడియో కాల్ చేయిస్తాను. మధ్యలో ఇంగ్లీషు నుంచి తెలుగులోకి నేను చెప్తాను.