స్వర్ణముఖి వెంట, తొండవాడ నుంచి కాళహస్తి దాకా

తిరుపతి వాళ్లను స్వర్ణముఖి ఎక్కడుందని అడిగితే చాలామంది కాళహస్తి వైపు చెయ్యి చూపిస్తారు. ఆ నది తిరుచానూరు పక్క నుంచే పోతుందన్న సంగతి 2021 నవంబరు వరదలప్పుడు గానీ మనలో చాలామంది తలకెక్కలేదు. జర్మనీలోని డార్ట్‌మండ్‌లో ఉద్యోగం చేస్తున్న మా బాబాయి కొడుకు సెలవుకు వచ్చాడు. కొండకు వెళ్లొచ్చిన మర్నాడు, "అన్నా, గుళ్లు చాలు, ఇక నది చూపించు" అన్నాడు. ఇక్కడ నది వెంట వెళ్తే గుళ్లు తప్పవని వాడికి నేను ముందుగా చెప్పలేదు.

తొండవాడతో మొదలుపెట్టాం. అగస్త్యేశ్వరస్వామి గుడి దగ్గర భీమ, కల్యాణి వచ్చి స్వర్ణముఖిలో కలుస్తాయి. పెళ్లయ్యాక శ్రీనివాసుడు, పద్మావతి ఆరు నెలలు ఇక్కడే అగస్త్యుడి ఆశ్రమంలో ఉన్నారని స్థలపురాణం. కల్యాణి నీళ్లను ఎగువన డ్యాం ఆపేస్తుంది కాబట్టి, వానలు లేని రోజుల్లో కిందికి వచ్చేది అంతంతమాత్రమే. మేం వెళ్లేసరికి ఇసుక మధ్య సన్నటి పాయ ఒకటి ఉంది. పాదాలు మునిగే లోతు. అయినా ఆ నీళ్లు తేటగా ఉన్నాయి, అడుగున రాళ్లు కనిపిస్తున్నాయి. దిగువకు వెళ్లేకొద్దీ ఈ తేటదనమే గుర్తొచ్చింది.

తిరుచానూరులో అమ్మవారి దర్శనానికి వచ్చే వేలమందిలో నది దాకా వెళ్లేవాళ్లు తక్కువే. వరదలప్పుడు గట్టు కోసుకుపోయి ఒక ఇల్లు నిలువునా నదిలోకి ఒరిగిపోయిన వీడియో రాష్ట్రమంతా చూసింది. ఆ గట్టు మీద నిలబడితే రెండు వైపులా సర్కారు తుమ్మ, ప్లాస్టిక్ సంచులు, పడగొట్టిన ఇళ్ల శిథిలాలు. మురుగు కాలువ ఒకటి మొహమాటం లేకుండా నేరుగా ఇసుకలోకి దిగుతోంది.

అక్కడే వాడు ఎంషర్ నది సంగతి ఎత్తుకున్నాడు. జర్మనీ బొగ్గు గనుల ప్రాంతంలో పారే ఆ నది మన స్వర్ణముఖి కన్నా చిన్నది. మనది సుమారు 130 కిలోమీటర్లు, దానిది 80 పైచిలుకు. గనుల వల్ల నేల కుంగుతూ ఉండేది కాబట్టి భూమిలో మురుగు గొట్టాలు వేయడం కుదరలేదు. నూరేళ్లు ఆ నదినే మురుగు కాలువగా వాడుకున్నారు. 1989లో అక్కడి రాష్ట్ర ప్రభుత్వం పూనుకుని 17 పట్టణాలను కలిపి పదేళ్ల కార్యక్రమం మొదలుపెట్టింది. మూతపడిన ఫ్యాక్టరీలు, బొగ్గు గనుల వ్యర్థాల గుట్టలు, ఖాళీ స్థలాలు అన్నీ కలిపి ఎంషర్ పార్కు అన్నారు. నదిలోకి మురుగు రావడం పూర్తిగా ఆగింది మాత్రం 2021 చివర్లో.

"అయితే అక్కడా ముందు పేరు పెట్టి, ఆ తర్వాతే శుభ్రం చేశారన్నమాట" అన్నాను, కాస్త వెటకారంగానే.

"పేరు ఒకటయ్యాక మురుగు మాది కాదని ఏ ఊరూ తప్పించుకోలేకపోయింది అన్నా" అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. మన వైపు ఒకటి కార్పొరేషన్, ఒకటి మున్సిపాలిటీ, మధ్యలో వరసగా పంచాయతీలు. ఎవరి గట్టు మీద వాళ్లు నాలుగు సిమెంటు బల్లలు వేసి, ఒక విగ్రహం నిలబెట్టి పార్కు అనుకోవచ్చు. పైవాళ్లు వదిలింది కిందివాళ్లకు చేరుతుందన్నది మాత్రం ఏ శిలాఫలకం మీదా ఉండదు.

రేణిగుంట దాటి పాపానాయుడుపేట వెళ్లాం. గాజు పూసలకు పేరున్న ఊరు. కొలిమిలో కరిగిన గాజును సన్నటి గొట్టాలుగా లాగి ముక్కలు చేసే పాత పద్ధతి ఇక్కడ ఈ కాలం దాకా నిలిచింది. అక్కడి నుంచి గుడిమల్లం దగ్గరే. పరశురామేశ్వరుడి లింగం అయిదడుగుల ఎత్తు, దాని మీద చెక్కిన నిలువెత్తు శివుడు. క్రీస్తుపూర్వం రెండు, ఒకటి శతాబ్దాల నాటిదని చాలామంది పండితుల అంచనా. గర్భగుడి నేల మట్టం కన్నా కిందికి ఉంటుంది. గుళ్లు చాలన్న మావాడు అక్కడి నుంచి ఎంతకీ కదల్లేదు.

కాళహస్తిలో నది ఉత్తరంగా తిరిగి, గుడిని ఒరుసుకుంటూ పోతుంది. గుడి కట్టిన కూలీలకు ఈ ఇసుకే పట్టి ఇచ్చేవారని, చేసిన పనిని బట్టి అది బంగారమయ్యేదని కథ. వంతెన మీద నుంచి చూస్తే కనిపించేది గుర్రపు డెక్క, నల్లటి మడుగులు.

కలంకారీ పనిచేసే ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాం. కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేసిన గుడ్డ వాసన గుమ్మంలోనే తగిలింది. వెదురు కలాన్ని కసిమిలో ముంచి ఆయన గీత గీస్తుంటే, తడి ఉండగానే అది నల్లబడుతోంది. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టి చేసేదే కసిమి. అది కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లగా మారుతుంది. ఎర్ర రంగు కావలసిన చోట పటిక నీళ్లు పూసి, ఆ తర్వాత పారే నీళ్లలో జాడించాలి. పటిక ఉన్న చోటే ఎరుపు పడుతుంది కాబట్టి, నిలవ నీళ్లలో జాడిస్తే వదిలిన పటిక పక్కలకు పాకి, తెల్లగా ఉండాల్సిన చోట కూడా రంగు ఎక్కుతుంది. ఒకప్పుడు ఈ పనంతా స్వర్ణముఖిలోనే జరిగేదట. ఇప్పుడు మోటారు నీళ్లు.

నది వెంట ఊళ్లన్నీ కలిసి ఒకే పార్కు చేస్తే ఎలా ఉంటుందని మావాడు ఆయన్ను అడిగాడు.

"చేయండి బాబూ. గుడ్డలు ఉతుక్కోవడానికి ఒక రేవు మాత్రం వదలమనండి" అన్నారాయన.

ఆ రేవు ఉండాలంటే కాళహస్తి ఒక్కటే తలుచుకుంటే చాలదు. తిరుచానూరు గట్టున మేం చూసిన కాలువ లాంటివన్నీ ముందు శుద్ధి కేంద్రానికి మళ్లాలి. వరదకు చోటు వదిలి, ఆ మేరలో ఇళ్లు కాకుండా చెట్లు పెంచాలి. నా మట్టుకు మొదటి రూపాయి తిరుపతే పెట్టాలి, ఎక్కువ మురుగు మనదే కాబట్టి. పార్కు బోర్డు మీద ఎవరి పేరు ముందుండాలన్న తగవు ఆ తర్వాత తీరిగ్గా పెట్టుకోవచ్చు.