సమీక్ష కోసం ఎదురుచూస్తున్నవి: 43

అందరూ పడుకున్నారు. అత్తయ్య గదిలో ఫ్యాను కిర్రుమంటూనే ఉంది, రేపు ఎలాగైనా ఎవరినైనా పిలిచి చూపించాలి. పొద్దున మేడ మీద సన్నజాజి తీగ మొదటిసారి పూసింది. తొమ్మిది పూలు. ఆ సంతోషం గురించి రాద్దామనే అనుకున్నాను గానీ మనసు దాని మీద నిలవడం లేదు.

అందరూ ఉచితంగా వాడుకునే, ఎవరైనా మెరుగుపరచగలిగే కంప్యూటర్ ప్రోగ్రాములను తెలుగు చేసే బృందం మాది. మధ్యాహ్నం మా బృందానికి ఒక ఉత్తరం వచ్చింది. "నమస్కారం మేడం. నా ఖాతా తీసేయగలరా? ఇకపై నేను చేయకపోవచ్చు." అంతే. పేరు ఎక్కడో చూసినట్టుంది, గుర్తు రాలేదు. నాకు ముందు వచ్చింది కోపమే.

ఎంతమందిని చూశాను ఇలా! "నేను కూడా తెలుగుకు ఏదైనా చేయాలి, ఏం చేయమంటారు?" అని రాస్తారు. నేను కూర్చుని నియమాలు, పదకోశం, ఖాతా తెరిచే పద్ధతి అన్నీ వివరంగా రాసి పంపుతాను. ధన్యవాదాలు అంటారు. ఆ తర్వాత అయిపూ అజా ఉండదు. కొందరు మొదటి ఉత్తరంలోనే ధ్రువపత్రం ఇస్తారా అని అడుగుతారు. ఇలాంటి ప్రాజెక్టులకు మార్పులు పంపినవాళ్లకు టీ షర్టు ఇచ్చే అక్టోబరు కార్యక్రమం హ్యాక్టోబర్‌ఫెస్ట్. 2020లో దాని సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. టీ షర్టు కోసం ఎవరెవరో వచ్చి, ఏ ప్రాజెక్టు కనిపిస్తే ఆ ప్రాజెక్టు వివరణ పత్రంలో ఒక పదం అటూ ఇటూ మార్చి పంపారు. అవన్నీ తిప్పి పంపడానికే నిర్వాహకులకు రోజులు పట్టాయి. చివరికి ఆ అక్టోబరు మొదట్లోనే నియమం మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి తీసుకుంటామన్నారు. కొత్తవాళ్లు కావాలని కేకలేసి పిలిస్తే వచ్చేది జనమే గానీ పనివాళ్లు కాదని నాకు అప్పటినుంచీ గట్టి అభిప్రాయం. ఆ అభిప్రాయంతోనే గిన్నెలు కడిగాను, ఆ అభిప్రాయంతోనే చిన్నదానికి జడ వేశాను. గట్టిగా లాగుతున్నానని అది రెండుసార్లు అరిచింది.

సాయంత్రం ఖాతా తీసేద్దామని తెరిచాను. ఉత్తరం రాసిన అమ్మాయి పేరు పక్కన ఇలా ఉంది: చేసిన అనువాదాలు 43. ఆమోదం పొందినవి 0. సమీక్ష కోసం ఎదురుచూస్తున్నవి 43. పంపిన తేదీ జనవరి 9. సమీక్షకుల గడిలో ఉన్నది నా పేరు.

ఇప్పుడు జూన్.

నా మొదటి దస్త్రం 2009లో పంపాను. అప్పట్లో అమీర్‌పేట హాస్టల్లో ఉండేదాన్ని. గదిలో నలుగురం, కంప్యూటర్ ఒక్కటి. అది కూడా నాది కాదు, రాత్రి పది దాటాకే నా వంతు. గడియారం ప్రోగ్రాములోని అరవై వాక్యాలు తెలుగు చేయడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది. పంపేసి, తెల్లారి లేచేసరికి జవాబు ఉంది. బృందంలోని పెద్దాయన దాన్ని పొద్దున 5:40కి రాశారు. ఆయన్ని నేను ఇప్పటికీ చూడలేదు. ఎనిమిది వాక్యాల కింద ఎనిమిది వ్యాఖ్యలు. ఒకచోట నేను 'ఓపెన్' అన్నదానికి 'తెరువు' అని రాస్తే, "అమ్మా, ఇక్కడ ఇది ఆజ్ఞా, స్థితా? తలుపు తెరవమంటున్నారా, తెరిచి ఉందంటున్నారా?" అని అడిగారు. ఇంకోచోట వాక్యంలోని శాతం గుర్తును అచ్చుతప్పు అనుకుని తీసేశాను. "ప్రోగ్రాము నడిచేటప్పుడు ఆ గుర్తు ఉన్నచోట ఒక సంఖ్య వచ్చి కూర్చుంటుంది. కుర్చీ తీసేస్తే అది ఎక్కడ కూర్చోవాలి?" అన్నారు. చివర్లో, "మిగిలిన 52 బాగున్నాయి, చేర్చేశాను. వచ్చే వారం వీలుంటే ఇది చూడండి" అని పాతిక వాక్యాల చిన్న దస్త్రం జత చేశారు.

అలాంటి చిన్న దస్త్రాలను ఆయన కావాలనే చేయకుండా పక్కన పెట్టేవారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. తాను అరగంటలో ముగించగలిగిన పనిని ఎవరో కొత్తవాళ్లు నాలుగు రాత్రులు చేసుకోవడానికి ఉంచేవారు. పత్రాలు, పట్టికలు తయారుచేసుకునే ఉచిత ప్రోగ్రాము లిబ్రేఆఫీస్‌లో 'ఈజీ హ్యాక్స్' (తేలిక పనులు) అని ఉంచేవి ఇలాంటివే. ఇదీ పని, కోడ్‌లో ఫలానా చోట చూడండి, ఇంత కష్టం ఉంటుంది అని రాసిపెట్టి, తెలిసినవాళ్లు వాటి జోలికి పోకుండా వదిలేస్తారు. లినక్స్ ఆధారంగా నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌లో కూడా కొత్తవాళ్లకు తగిన బగ్గులకు, అంటే నమోదు చేసిన లోపాలకు, విడిగా ఒక గుర్తు తగిలిస్తారు. చేతికి అందేంత దగ్గరలో పని కనబడుతున్నా చేయకుండా ఆగడం ఎంత కష్టమో పని తెలిసినవాళ్లకే తెలుస్తుంది. నేను ఒక్కటీ ఆపలేదు. చిన్నవన్నీ నేనే చేసేసి, పెద్దవాటిని చూపించి "ఏదైనా తీసుకోండి" అన్నాను.

అయినా సమీక్ష లేకుండా చేర్చేయడం కుదరదు కదా అని రాత్రి భోజనాల దగ్గర మా ఆయనతో వాదించాను. ఎక్స్‌జెడ్ కథ చెప్పాను. ఫైళ్లను కుదించే ఆ చిన్న లైబ్రరీని ఏళ్ల తరబడి దాదాపు ఒక్క మనిషే జీతం లేకుండా చూసుకున్నాడు. 2021 చివర్లో జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయానికి వచ్చారు. పని ఆలస్యమవుతోందని, ఇంకొకరికి అధికారం ఇవ్వమని వేరే పేర్లతో ఒత్తిడి ఉత్తరాలు వచ్చాయి. అలసిపోయిన మనిషి నమ్మి ఇచ్చాడు. 2024లో 5.6.0, 5.6.1 కూర్పుల్లోకి దొంగదారి వచ్చి చేరింది. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూశాడు కాబట్టి మార్చి 29న బయటపడింది. లేకపోతే ప్రపంచంలో ఎన్ని సర్వర్లు ఎవరి చేతికి పోయేవో! కొత్తవాళ్ల పనిని ఆచితూచి తీసుకోవాలి అన్నాను.

"మరి నువ్వు ఆచితూచావా?" అన్నారు మా ఆయన, పెరుగు వడ్డించుకుంటూ.

లేదు. చూడనే లేదు. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఆ లైబ్రరీ దగ్గర మోసం సాగింది కొత్తవాళ్లను రానిచ్చినందుకు కాదేమో, బరువంతా ఒక్కడి భుజాల మీదే ఉన్నందుకు. మా బృందం పట్టికలో 27 పేర్లున్నాయి. ఆమోదించగలిగేది ఇద్దరం. రెండో ఆవిడ కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. నాకు జనవరి ఆసుపత్రి వరండాలోనే గడిచింది. కాదనను. కానీ నేను లేనని ఎవరికీ చెప్పలేదు. డెబియన్‌లో దీనికి ఒక మర్యాద ఉంది. ఒక ప్యాకేజీని, అంటే అందులోని ఒక ప్రోగ్రామును, చూసుకునేవాళ్లకు తీరిక లేకపోతే 'సాయం కావాలి' అని ఒక బగ్గు తెరుస్తారు. ఇంకా కుదరకపోతే 'ఎవరైనా దత్తత తీసుకోండి' అంటారు. అదీ కాకపోతే అనాథ అని ప్రకటిస్తారు. చేతులెత్తేయడానికి కూడా ఒక పద్ధతి ఉంది కాబట్టి, వచ్చేవాళ్లకు ఏ తలుపు తట్టాలో తెలుస్తుంది. మా దగ్గర మనుషులు చెప్పకుండా మాయమవుతారు, దస్త్రాలు వాళ్ల పేరు మీదే ఏళ్లకేళ్లు పడి ఉంటాయి. ఈ జనవరిలో అలా మాయమైంది నేను.

పది గంటల నుంచి ఆ 43 చూస్తున్నాను. వాటిలో ఆరు వాక్యాలకు దిద్దుబాటు కావాలి. పదిహేడో దాని దగ్గర ఆగిపోయాను. అక్కడ ఆ అమ్మాయి ఒక వ్యాఖ్య రాసి ఉంచింది: "'క్యాన్సిల్' బొత్తానికీ 'అన్‌డూ' బొత్తానికీ మన దస్త్రంలో 'రద్దుచేయి' అనే ఉంది. రెండూ ఒకే తెర మీద వస్తాయి. మా నాన్నగారు తప్పు బొత్తాం నొక్కి రాసుకున్నదంతా పోగొట్టుకున్నారు. 'అన్‌డూ'కు 'మునుపటిలా చేయి' అందామా?" ఆ రెండు 'రద్దుచేయి'లూ నేను రాసినవే. పదేళ్లుగా అలాగే ఉన్నాయి. రెండోదాన్ని ఇప్పుడే మార్చాను.

ఖాతా రేపు తీసేస్తాను, అడిగింది కాబట్టి. క్షమించమని రాశాను, 43 చేరాయని రాశాను. 'గురించి' అనే పెట్టెలో అనువాదకుల పేర్లు వస్తాయి కదా, అందులో చేర్చడానికి అనుమతి అడిగాను. ఆ అమ్మాయి పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంది. మొదటి అక్షరానికి దీర్ఘం ఉందో లేదో చెప్పమన్నాను.