వెనక నిలబడ్డ అమ్మాయి

నిద్ర పట్టడం లేదు. చిన్నది అన్నం తింటూ అన్న మాట వదలడం లేదు. "అమ్మా, అందరికంటే ముందు నేనే ఉన్నాను తెలుసా!" పరుగు పందెంలో గెలిచినట్టు చెప్పింది.

కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలకు ప్రివిలేజ్ వాక్ చేయించారట, పుట్టిన ఇంటి వల్ల ఎవరికెంత కలిసొచ్చిందో చూపించే ఆట. మైదానంలో అందరినీ ఒకే వరుసలో నిలబెట్టి ప్రశ్నలు చదువుతారు. ఇంట్లో యాభైకి మించి పుస్తకాలుంటే ఒక అడుగు ముందుకు. ఫీజు కోసం అప్పు చేసి ఉంటే ఒక అడుగు వెనక్కి. ఆఖర్న తల తిప్పి ఎవరెక్కడున్నారో చూడమంటారు. అందరి వెనకా గురుకులంలో చదివి వచ్చిన అమ్మాయి ఒక్కతే ఉందట. "తను నవ్వుతూనే ఉందమ్మా" అంది చిన్నది.

ఆ నవ్వు నాకు తెలుసు. అందుకే ఇంత కోపం. ముందున్నవాళ్లకు కళ్లు తెరిపించడానికి వెనకున్న పిల్ల బతుకును నలుగురిలో పెట్టాలా? ఆ ఆటలో ఆమెకు కొత్తగా తెలిసేది ఏముంది?

ఎనిమిదో తరగతిలో మా క్లాసుకు స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చినప్పుడు సారు రిజిస్టరు తెరిచి, "ఎస్సీలు లేవండి" అనేవారు. లెక్కపెట్టుకుని కూర్చోమనేవారు. తర్వాత ఎస్టీలు, ఆ తర్వాత బీసీలు. నా పక్కన కూర్చునే అమ్మాయి ఆ మాట వినగానే పెన్సిలు కింద పడేసుకుని బెంచీ కిందకు వంగింది. వెతుకుతూనే ఉంది. లేచినవాళ్ల లెక్క రిజిస్టరులోని లెక్కతో కుదరలేదు. సారు మళ్లీ లెక్కపెట్టి, చివరికి పేరు పెట్టి పిలిచారు. లేచింది. నవ్వింది కూడా. ఆ మధ్యాహ్నం వెనక బెంచీ పిల్లలు ఆమెతో కలిసి అన్నం తినలేదు. ఆ సారు చెడ్డవాడేమీ కాదు, ఫారాలు గడువులోగా పంపాలని ఆయన తొందర. తమిళనాడులో విద్యార్థుల మధ్య కుల గొడవలు ఆపడానికి వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024లో ఇచ్చిన నివేదికలో స్కాలర్‌షిప్ విషయాలు ఆ విద్యార్థిని విడిగా పిలిచి చెప్పాలని రాసింది. చదివినప్పుడు ఆ పెన్సిలే గుర్తుకొచ్చింది.

ఇంతకంటే చిరాకు ఇంకోటి. చిన్నది ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే చెప్పింది. కారు ఉందా, విమానం ఎక్కారా, అమ్మానాన్నలకు ఇంగ్లీషు వచ్చా. కులం గురించి ఒక్కటి కూడా లేదు! "సున్నితమైన విషయం, వద్దనుకున్నాం" అన్నారట. అద్దె ఇంటికి వెళితే ఇంటిపేరు ఏమిటని ఎందుకు అడుగుతారో, కొన్ని ఊళ్లలో ఎవరి ఇళ్లు ఊరి చివరే ఎందుకుంటాయో అడగకుండా మన దేశంలో ఎక్కువతక్కువల గురించి ఏం చెబుతారు? అసలు ప్రశ్న మింగేసి కారు గురించి అడిగారు.

ఇక్కడిదాకా రాసేసరికి, ఆ ఆట మానేయమని కాలేజీకి ఉత్తరం రాద్దామనే అనుకున్నాను. కానీ ఇందాక గిన్నెలు సర్దుతూ ఆ పెన్సిలు సంగతి చెబితే చిన్నది, "మీ క్లాసులో నువ్వు లేచావా?" అని అడిగింది. లేదన్నాను. "ఎందుకు?" "మనల్ని ఎవరూ లేవమనలేదు." కాసేపు ఊరుకుని, తాతయ్య ఎంతవరకు చదివారు, పొలం ఎలా వచ్చింది, తన కోచింగ్‌కు ఎంత కట్టాం అని వరసగా అడిగింది. నిన్నటిదాకా ఎంసెట్ ర్యాంకు పూర్తిగా తన కష్టమే అన్న పిల్ల. ఈ ఇంట్లో పద్దెనిమిదేళ్లుగా రాని ప్రశ్నలు ఒక్క సాయంత్రంలో వచ్చాయి. అలాంటప్పుడు ఆట వద్దని ఎలా అంటాను? ఎవరి గుట్టూ విప్పకుండా ఆడించమంటాను.

అమెరికాలో రైస్‌విల్ అనే చిన్న ఊళ్లో జేన్ ఇలియట్ అనే టీచరు చేసింది ఇందుకే నాకు నచ్చుతుంది. 1968లో నల్లజాతి హక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు తన మూడో తరగతి పిల్లలను కంటి రంగును బట్టి విడదీసి, ఒక గుంపును గొప్పవాళ్లుగా చూసింది. తర్వాత పాత్రలు తిరగేసింది. చిన్నపిల్లల్ని అంత బాధపెట్టడం సరికాదన్నవాళ్లు ఉన్నారు, ఆ మాట కొట్టేయలేం. అయినా అక్కడ ఏ పిల్ల ఇంటి గుట్టూ బయటపడలేదు. కింద ఉండటం ఎలా ఉంటుందో అందరి వంతుకూ వచ్చింది.

మన పిల్లలకైతే చీటీలు ఇవ్వాలి. ఒకదానిలో కౌలు రైతు కూతురు, ఇంకోదానిలో డాక్టరు దంపతుల కొడుకు, మరోదానిలో పారిశుధ్య కార్మికురాలి బిడ్డ. ఎవరికి ఏది వస్తే ఆ బతుకుతో అడుగులు వేయాలి. అప్పుడు కులం గురించి ఎంత సూటిగా అడిగినా ఎవరి తలా వంగదు. ఇది చిన్నదానికి చెబితే, "చీటీ అయితే ముందున్నవాళ్లకు ఏమీ తగలదు కదమ్మా, నాకు తగిలింది నేను నిజంగా ముందుండటం వల్లే" అంది.

దానికి నా దగ్గర సగం జవాబే ఉంది. చీటీల ఆట అయ్యాక అవే ప్రశ్నలు కాగితం మీద ఇచ్చి, ఇంటికెళ్లి ఎవరికి వాళ్లు తమ జవాబులు రాసుకోమనాలి. ఎవరికీ చూపించక్కర్లేదు. మనసు పెట్టనివాళ్లు రాయరు, నిజమే. రేపు ఉత్తరంలో ఇదే రాస్తాను. కులం ప్రశ్నలు చేర్చమని మాత్రం మొదటి వాక్యంలోనే రాస్తాను.